శరత్పుష్పము – శరణమార్గము



ఋతువు లాఱింటిలో ఆశ్వయుజ కార్తీకములు శరత్కాలము. వానలు వెనుదిరిగి, ఆకాశము తేటవడి, ఏటి నీరు తేరుకొని, రాత్రులు క్రమముగా దీర్ఘములగు కాలమిది. ఈ దినములలో నంద్యాల నుండి సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోవు త్రోవలో ఏ పల్లెలోనికి పోయి చూచినను, పెరళ్లలో బంతి, చామంతి, కనకాంబరము, నందివర్ధనము, పారిజాతము కన్నులపండువుగా కనబడును. ఎవ్వరును విత్తని తుమ్మిమొక్క పొలముగట్ల మీద తెల్లని చిన్నిపూలతో నిలిచియుండును. ప్రాతఃకాలమున స్నానము చేసి, విభూతి ధరించి, కరపీఠమున ఇష్టలింగమును నిలుపుకొని కూర్చున్న భక్తునకు పత్రికిని పూవునకును కొదువ యుండదు.

అయితే ఈ పూవు ఎట్లు వచ్చినదని మనలో ఎందఱు ప్రశ్నించుకొందురు? వాన కురిసినది, పూవు పూచినది అని తేలికగా చెప్పివేయుదుము. ఆ మాట సగమే నిజము. ఒక వీథిలో వాన అన్ని పెరళ్ల మీదను ఒక్క తీరుగనే కురియును. కాని ఒక పెరటిలో పూలు విరియును, ప్రక్క పెరటిలో గడ్డి మాత్రమే మొలచును. ఈ భేదమునకు కారణము వానలో లేదు. వానకు ముందు గడచిన వేసవిలో ఉన్నది. ఎండకాలమున ఏ యింట మొదలు కాపాడబడెనో ఆ యింట శరత్తున పూవు కనబడినది. శరణమార్గమున నడచు మనకు ఈ చిన్న సంగతిలో పెద్ద బోధ కలదు. దానిని యథాశక్తి విన్నవించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

దీనికి దూరపు దృష్టాంతములు వలదు. మనము కన్నులార చూచిన 2023వ సంవత్సరమును తలచుకొందము. ఆ యేటి ఆగస్టు నెల, 1901 నుండి లెక్కలు వ్రాసిపెట్టబడిన కాలమంతటిలో మన దేశమున మిక్కిలి తక్కువ వాన కురిసిన ఆగస్టు. కృష్ణకు తగిన వరద రాలేదు. శ్రీశైల జలాశయము నిండలేదు. కాలువల క్రింది రైతులును, బోరుబావులను నమ్ముకొన్న మెట్టరైతులును ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. ఆ పిమ్మట వచ్చిన 2024 వేసవి మఱింత కఠినమైనది. రాష్ట్రమున అత్యధికమైన ఉష్ణము నమోదైన ఊళ్లలో మన నంద్యాల ఒకటియై పత్రికల కెక్కినది. త్రాగునీటికే బిందెలు బారులు తీరిన దినములవి. మనుష్యులు త్రాగిన పిమ్మట పశువులు, పశువులు త్రాగిన పిమ్మట మొక్కలు. ఆ మూడవ వంతు వచ్చునప్పటికి బిందెలో ఏమియు మిగులదు. అందుచేత ఎన్నో ఇండ్లలో పూలమొక్కలను వదలివేసిరి. అది తప్పని చెప్పుటకు ఎవరికిని నోరాడదు.

మఱల ఆ యేటనే జులై నెల చివర కృష్ణకు వరద వచ్చి, 29వ తేదీన శ్రీశైల జలాశయపు గేట్లు ఎత్తబడినవి. కాలువలు పాఱినవి. కుందూనది గట్లు పచ్చబడినవి. దసరా నాటికి పెరళ్లలో మొగ్గలు తొడిగినవి. అయితే అన్ని పెరళ్లలోను కాదు.

నల్లరేగడి నేల స్వభావము మనవారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. నంద్యాల చుట్టును ఉన్న ఈ నేల నీటిని పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. చేయి దూఱునంత వెడల్పున, మోకాటిలోతున నేల విచ్చియుండగా చూచినవానికి గుండె జల్లుమనును. ఈ నేల ఇక పనికిరాదని క్రొత్తవాడు అనుకొనును. కాని అనుభవముగల రైతు అట్లు అనుకొనడు. పైమట్టి చూర్ణమై ఆ నెఱ్ఱెలలో రాలి అడుగునకు పోవును. తొలివాన నీరు పైపైన పాఱిపోక, ఆ నెఱ్ఱెల వెంట లోలోపలికి దిగును. నాగలి పోలేని లోతునకు నీరు పోవుటకు ఎండ చేసిన త్రోవలవి. తడి అందిన వెనుక నేల ఉబ్బి, నెఱ్ఱె తానే పూడుకొనును.

మానవహృదయము కూడ ఇట్టిదే. పంట పోయిన రైతు, భర్తను పోగొట్టుకొన్న సోదరి, బిడ్డ వ్యాధిపాలైన తండ్రి, వీరి గుండె నెఱ్ఱెలు విచ్చియుండును. సుఖముగా నున్న కాలమున ఎన్ని ప్రవచనములు విన్నను పైపైననే పాఱిపోయిన మాట, ఆ దినములలో లోపలికి దిగును. కనుక దుఃఖములో నున్నవానిని చూచి, వీనికి ధర్మము చెప్పి ప్రయోజనము లేదనరాదు. ధర్మము లోతునకు ఇంకు సమయమదియే. అయితే చెప్పువాడు వాననీటివలె మెల్లగా దిగవలెను గాని వడగండ్లవలె కొట్టరాదు.

ఇక చామంతి సంగతి. చామంతిని విత్తనము చల్లి పెంచువారు మన పల్లెలలో అరుదు. పూవులు ముగిసిన వెనుక కాండమును నేలమట్టమునకు కోసివేయుదురు. కోసిన మొక్కను చూచిన, అక్కడ ఏదియో ఉన్నదని చెప్పుటకే వీలులేదు. ఆ మొదటిని వేసవి పొడవునను నీడపట్టున ఉంచి, దినదినము కొంచెము తడి చూపుచు కాచుకొందురు. దాని వేళ్ల ప్రక్క నుండి పిలకలు లేచును. తొలకరి తరువాత ఆ పిలకలను విడదీసి నాటుదురు. రాత్రి దీర్ఘమగు కాలము వచ్చిన గాని చామంతి మొగ్గ తొడుగదు. చీకటి పెరుగుచున్న కొలదిని పూవునకు సిద్ధమగుట ఈ మొక్కకు ఈశ్వరుడిచ్చిన గుణము. ఇట్లు ఆ పూవునకు వాన ఒక్కటియే కారణము కాదు. వేసవిలో కాచిన చేయి, తొలకరిలో విడదీసి నాటిన చేయి, శరత్తులోని దీర్ఘరాత్రి, ఈ మూడును కలిసినప్పుడే పూవు.

వేసవిలో చామంతి పెంచువాని పని ఏమి? పూయించుట కాదు. ఏ ఎరువు వేసినను అది వేసవిలో పూయదు. చావనీయకుండుటయే వాని పని. గిన్నెలు కడిగిన నీటిని పాఱబోయక మొదట పోయును. మీద ఒక తాటాకు కప్పును. అంతకంటె చేయదగినది లేదు, అంతకు తక్కువ చేసిన మొక్క దక్కదు.

మన షట్స్థల సిద్ధాంతమున ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క భక్తి చెప్పబడినది. భక్తస్థలమునకు శ్రద్ధ, మహేశస్థలమునకు నిష్ఠ, ప్రసాదిస్థలమునకు అవధానము, ప్రాణలింగిస్థలమునకు అనుభవము, శరణస్థలమునకు ఆనందము, ఐక్యస్థలమునకు సమరసము. తోటపని తెలిసినవానికి ఈ క్రమము సులభముగా బోధపడును. నాటుటలో శ్రద్ధ యున్నది. ఎండలో కాచుటలో నిష్ఠ యున్నది. వాన వచ్చిన వెనుక నీరు మితము తప్పకుండ చూచుటలో అవధానమున్నది. ఆకుల నడుమ మొగ్గను కనుగొనుట అనుభవము. విరిసిన పూవు ఆనందము. ఆ పూవు లింగము మీదికి చేరి, నాది యనునది లేకపోవుట సమరసము. మనలో పలువురము నాటిన మఱునాడే విరిసిన పూవును కోరుదుము. నడుమ నున్న వేసవిని దాటవలెననుట మఱతుము. నిష్ఠ యనునది పూలకాలమున పరీక్షింపబడదు. పూవు లేని కాలమున చెంబెడు నీరు, చిటికెడు విభూతితో లింగము ముందు కూర్చుండువాని యందు అది తెలియును.

ఇక్కడ ఒక సందేహము కలుగును. దుఃఖకాలమున లింగము ముందు కూర్చున్నను మనసు నిలువదు, కన్నుల నీరు తప్ప నోట మంత్రము రాదు, ఇట్టి పూజ పూజ యగునా యని కొందఱు అడుగుదురు. మఱికొందఱు, మాలోని భక్తి చచ్చినది, ఇక వట్టి ఆచారమెందుకని కరడిగను తీసి పెట్టెలో పెట్టుదురు. వారికి తోటమాలి సమాధానము చెప్పగలడు. ఎండిన కొమ్మను చూచినంతనే అతడు పెఱికివేయడు. గోటితో బెరడును కొంచెము గీచి చూచును. లోపల పచ్చదనమున్నచో మొక్క బ్రతికియున్నదని నిశ్చయించుకొని నీరు పోయును. మనుష్యునిలో ఆ పచ్చదనము ఏది? పూజ చేయలేకపోతినే యను బాధయే ఆ పచ్చదనము. భక్తి నిజముగా చచ్చినవానికి అట్టి బాధ ఉండదు. నాకు భక్తి లేకపోయెనని ఏడ్చువాని మొదలు బ్రతికియున్నది. అతడు చేయవలసినది ఒక్కటే, దినమున కొక్కసారి ఆ మొదటికి తడి చూపుట. మంత్రము రాకున్న రాకపోనిండు. లింగమును అఱచేత నిలుపుకొని ఊరక కూర్చుండిన చాలును.

అయినను సత్యమును దాచరాదు. అన్ని మొదళ్లును బ్రతుకవు. గీచి చూచినప్పుడు లోపల కూడ ఎండిపోయిన కొమ్మలు ఉండును. ఎంత వాన కురిసినను అవి చిగిర్పవు. నా ఇంట మొదలు పోయినది, నేనేమి చేయుదునని అడుగువానికి, ఓర్చుకొనుమని చెప్పిన సరిపోదు. ఆ మాటకు సమాధానము నాకు ఒక బాలిక వలన దొరికినది.

నేను పనిచేయుచున్న పాఠశాలలో పిల్లలు పెంచిన చిన్న పూలతోట 2024 వేసవిలో పూర్తిగా ఎండినది. సెలవులలో నీరు పోయువారు లేరు, పోయుటకు నీరును లేదు. తొలకరి వచ్చిన పిమ్మట ఏడవ తరగతి చదువు ఒక బాలిక తడిగుడ్డలో చుట్టిన చామంతి పిలకలు తెచ్చి నా ముందుంచినది. ఎక్కడివమ్మా యని అడిగితిని.

“మా అవ్వ ఇచ్చి పంపింది సార్. ఎండాకాలమంతా కుండ కింద పెట్టుకొని కాపాడింది. మొదలు పోయినవాళ్లకు ఇయ్యకపోతే మన మొదలు కూడా నిలబడదంట.”

ఆ అవ్వ త్రాగునీటి కుండను దిమ్మె మీద పెట్టి, దాని క్రింద చామంతి తొట్టిని ఉంచెనట. కుండ చెమర్చి జాఱిన చుక్కలే ఆ మొక్కకు నీరు. ఇంటివారి వంతులో ఒక చుక్కయు తగ్గలేదు, మొక్కయు చావలేదు. ఆ తొట్టి నుండి లేచిన పిలకలు ఆ శరత్తున మా పాఠశాలలోనే గాక, ఆ వీథిలో నాలుగైదు ఇండ్లలో పూచినవి. ఆమె మాటలోని ధర్మమును నేను చాలదినములు తలపోసితిని. ఇయ్యకున్న మొదలు నిలువదనుట వ్యవసాయము దృష్టిలో కూడ సత్యమే. పిలకలు విడదీయక గుంపుగా వదలిన చామంతి ఒకదాని నొకటి అణచుకొని పీలపోవును. విడదీసి పంచినవాని ఇంటనే అది బలముగా నిలుచును. బసవేశ్వరుడు బోధించిన దాసోహమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము నేను వినలేదు. దాసోహమనగా మిగిలినది పడవేయుట కాదు. నా ఇంట బ్రతికినది నా ఒక్కనిది కాదు, వీథి కంతటికిని బ్రతికించుటకై ఈశ్వరుడు నా ఇంట ఉంచిన మొదలని యెఱుగుట.

మన సంప్రదాయ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున అనుభవమంటపము వెలసినది. ఈడిగలు, చర్మకారులు, చాకలివారు, పడవ నడుపువారు, త్రాళ్లు పేనువారు, రాజోద్యోగులు సమముగా కూర్చుండి శివానుభవమును మాటాడుకొనిరి. ఒక తోట వెయ్యి పూవులు పూచినట్లు వచనములు పుట్టినవి. ఆ పిమ్మట కల్యాణమున విప్లవము చెలరేగినది. బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవేశ్వరుడు కొందఱితో ఉళవి చేరెను. తాటాకు గ్రంథములు ఎక్కడెక్కడనో ఇండ్ల అటకల మీదను, మఠముల పెట్టెలలోను ఒదిగియుండెను. చూచువారికి ఆ తోట ఎండిపోయినట్లే కనబడియుండును. నేలమట్టమునకు కోసిన చామంతి అట్లే కదా కనబడును!

కాని మొదలు చావలేదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో బసవపురాణమును రచించెను. అది తెలుగునేలలో నాటిన పిలక. 1369లో భీమకవి దానిని కన్నడమున రచించెను. కన్నడసీమలో పుట్టిన బసవచరిత్ర తెలుగున పూచి, ఆ తెలుగు మొదటి నుండి పిలక మఱల కన్నడసీమకు పోయి అక్కడ పూచినది. ఒక ఇంటివారు మఱియొక ఇంటివారికి పిలక నిచ్చుట యన్న ఇదియే. 15వ శతాబ్దమున విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలము నందు విరక్తులు వచనములను కూర్చి వ్యాఖ్యానించిరి, ఆ శతాబ్దముననే శూన్యసంపాదనము రూపొందినది. ఆ పిమ్మటను ఎన్నో వేసవులు గడచినవి. 20వ శతాబ్దమున విజాపురము న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు ఊరూరు తిరిగి, ఇంటింట తాటాకులు వెదకి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. నేడు మనము వచనములను పుస్తకములలో చదువుచున్నామనిన, ఏ పల్లెలోనో చదువనైనను రాని ఒక యిల్లాలు ఆ తాటాకుకట్టను పూజలో పెట్టి, చెదలు పట్టకుండ తుడిచి, తన బిడ్డలకు అప్పగించుట వలననే. ఆమె పేరు ఏ గ్రంథమున లేదు. ఆమె కాచినది మొదలు. పూవును చూచిన భాగ్యము మనది.

మహానంది కోనేరు చూడనివారు మన ప్రాంతమున ఉండరు. నిలువెత్తు నీటి అడుగున పడిన నాణెము కూడ కనబడునంత తేట. నడివేసవిలోను ఆ ఊట ఆగదు, గుడి వెలుపలికి పాఱి అరటితోటలను, పైరులను తడుపును. ఆ నీరు ఆనాటి వాన కాదు. ఎన్నడో నల్లమల కొండల మీద కురిసి, రాతిపొరలలో ఇంకి, నిదానముగా వచ్చి ఇక్కడ వెలికి ఉబుకుచున్నది. మఠమనునది సమాజమున అట్టి ఊట కావలెను. పెద్దలు చేసిన తపస్సు, భక్తులు ఇచ్చిన ధాన్యము, గురువులు చెప్పిన విద్య, ఇవన్నియు మంచికాలమున ఇంకించి ఉంచుకొన్నవి. కఱవు వచ్చినప్పుడు అవి వెలికి రావలెను. వానకాలమున అందఱి బావులలోను నీరుండును. ఎండలో ఊరినప్పుడే ఊటకు పేరు.

ఆళ్లగడ్డ శిల్పుల పనితనము దేశమంతట ప్రసిద్ధము. వారి ఉలి క్రింద రాయి పూవగును. ఆ రాతిపూవు ఎండకు వాడదు, అది నిజమే. అయితే అది వానకు చిగిర్పదు, ప్రక్కవాని కిచ్చుటకు పిలకను పెట్టదు. వాడగలుగునదియే చిగిర్పగలదు. బసవాదులు జంగమమునకు ఇచ్చిన ప్రాధాన్యము ఇక్కడ స్మరింపదగినది. నడచునది అలయును, వాడును, మఱల లేచును. భక్తుని జీవితము అట్టిది. ఒకప్పుడు వాడితినని సిగ్గుపడి సంఘమునకు దూరము కావలసిన పని లేదు. వాడనివాడు గొప్ప భక్తుడని ఎంచి, వాడినవానిని చిన్నచూపు చూచుటయు ధర్మము కాదు.

వేసవిని గూర్చి ఇంత చెప్పితిని గాని, వాన వచ్చిన తరువాతి ప్రమాదమును గూర్చియు చెప్పవలెను. చాలకాలము ఎండిన మొదటికి ఒక్కసారిగా నీరు నింపినచో అది క్రుళ్లును. నల్లరేగడిలో నీరు నిలిచినచో చామంతి రెండు దినములలో తలవాల్చును. ఎండను ఓర్చిన మొక్క నీటికి చచ్చుట తోటమాలులు ఎల్లరును ఎఱిగినదే. కఱవును ఓర్చిన కుటుంబములు కలిమి వచ్చినప్పుడు చెడుట మనము చూచుచునే యున్నాము. రెండు పంటలు చేతికి రాగానే పెండ్లికి అప్పుచేసి పందిళ్లు వేయుట, ఉన్న దినపూజను రేపటికి వాయిదా వేయుట, ఇవి నిలువనీటి వంటివి. ఆయ్దక్కి మారయ్య కథ మనకు తెలిసినదే. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ, ఈ అధికము మనకు తగదు, తెచ్చినచోటనే పోసి రమ్మని వెనుకకు పంపినది. పేదరాలై యుండి కూడ ఆమె అధికమును నిరాకరించినది. ప్రసాదిస్థలమునకు చెప్పిన అవధానమనగా ఇదియే. వచ్చినదంతయు ప్రసాదమే, అయితే ప్రసాదము మితముగా గ్రహింపదగినది. వేసవియు ప్రసాదమే, వానయు ప్రసాదమే. ఒకదానికి క్రుంగరాదు, మఱియొకదానికి పొంగరాదు.

తోటపని చేయుచుండిన గొగ్గయ్యకు అల్లమప్రభువు దేహమునే తోటగా చూపెనని ప్రభుదేవుని చరిత్రలలో చెప్పబడినది. పూలను శరణుల యిండ్లకు చేర్చుటయే కాయకముగా గైకొన్న హూగార మాదయ్యను మన పెద్దలు శరణుల వరుసలో నిలిపిరి. ఒకరు లోపలి తోటను సాగుచేసిరి, ఒకరు వెలుపలి పూవును పంచిరి. ఈ రెండును వేఱు కావు. లోపలి తోటను కాచుకొనక వెలుపల పూలు పంచుట ఆడంబరమగును. లోపల పూచినదని చెప్పుకొనుచు ప్రక్కయింటికి పోనివాని మాట నమ్మదగినది కాదు.

కావున ఈ కార్తీకమున మన కుటుంబములును మఠములును చేయదగిన పనిని రెండు మాటలలో విన్నవింతును. ప్రతి యూరిలోను మూడు నాలుగేండ్లుగా శివానుభవగోష్ఠికి రానివారు కొందఱుందురు. పంట పోయి అప్పుల పాలైనవారు, ఇంటి పెద్దను పోగొట్టుకొన్నవారు, పొట్టకూటికై హైదరాబాదునకో బెంగళూరునకో పోయి తిరిగివచ్చినవారు. వారు రాలేదని మనము విమర్శించుచున్నాము. రాకుండుటకు కారణము చాలమార్లు అభక్తి కాదు, సిగ్గు. దాసోహమునకు పిడికెడు ధాన్యమైనను ఇయ్యలేక, వట్టి చేతులతో గడప త్రొక్కలేక నిలిచిపోయినవారు ఎందఱో. వారిని రమ్మని కబురు పెట్టిన చాలదు. ఎండిన మొక్క చెంబు దగ్గఱకు నడచి రాదు. చెంబు పట్టుకొని మనమే పోవలెను. పోయినప్పుడు ఎందుకు రాలేదని లెక్కలు అడుగరాదు. వారి యింట ఒక పూట కూర్చుండి, వారి కష్టము విని, వారితో కలిసి లింగపూజ చేసి రావలెను. భృత్యాచారమనగా ఇచ్చువాడు తన్ను సేవకునిగా ఎంచుకొనుట గదా!

రెండవది, పిల్లలకు సంబంధించినది. ఇంట పెద్దవారు లింగపూజ విడిచినచో బిడ్డలకు అది తెలియనే తెలియదు. ఒక తరము వేసవి రెండు తరములకు ప్రాకును. అట్టి యింటి బిడ్డను, పూజ నిలిచియున్న యింటి అవ్వ తన మనుమలతో పాటు కూర్చుండబెట్టుకొని, విభూతి పెట్టుకొనుట, లింగమును అఱచేత నిలుపుకొనుట, షడక్షరి జపించుట నేర్పవలెను. పిలక ఎవరి యింటిదని పూవు అడుగదు. తడిగుడ్డలో చుట్టి పంపిన నాలుగు పిలకలు ఒక పాఠశాలను పూయించినప్పుడు, ఒక అవ్వ నేర్పిన నాలుగు మాటలు ఒక వంశమును పూయింపకపోవునా?

ఈనాడు విరిసిన చామంతి కొలది వారములలో ముగియును. మొక్కను మఱల నేలమట్టమునకు కోసివేయుదుము. చలి తగ్గును, మాఘఫాల్గుణములు గడచును, కుందూలో నీరు సన్నగిల్లును, రేగడి మఱల నెఱ్ఱెలు విచ్చును. అప్పుడు మన కుండ క్రింద ఒక తొట్టికి చోటు చూచుకొందము. ఆ మొదటిని మనకొఱకును, మొదలు పోగొట్టుకొన్న వారికొఱకును కాచు ఓర్పును శ్రీశైల మల్లికార్జునుడును, కల్యాణ శరణులును మనకు అనుగ్రహింతురు గాక.